ఆ సూత్రాలను పక్కన పెట్టండి, చెట్టును బయట పెట్టండి

ప్రశ్న: నాలుగు నెలల క్రితం నా పుట్టినరోజుకు ఒక చిన్న జూనిపర్ బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచిన ఒక కొండచెట్టు) కానుకగా వచ్చింది. మొక్కల పెంపకం నాకు బొత్తిగా కొత్త. ఆ రోజుల్లోనే 'బోన్సాయ్ మొదలుపెట్టేవారికి బంగారు సూత్రాలు' అనే కాగితం ఒకటి స్నేహితుల మధ్య చేతులు మారుతూ నా దాకా వచ్చింది. చెట్టును పడకగదిలో అల్మారా మీద పెట్టాలని, రోజుకు ఒక చెంచాడు నీళ్ళు చాలునని, ఎరువు వేస్తే పెద్దదైపోతుంది కనుక ఆకలితోనే ఉంచాలని, కొమ్మలు వంచడానికి లోహపు తీగను బిగించి చుట్టి ఇక మరచిపోవాలని, వేర్లనూ కొమ్మలనూ ఒకే రోజు సగానికి కత్తిరించాలని, ఏ కొమ్మైనా ఎండిపోతే అది కళ అని చూడవచ్చినవారికి చెప్పాలని అందులో ఉంది. చెట్టుతో రోజూ మాట్లాడమని, ఇంకా కావాలంటే బోన్సాయ్ విత్తనాలు నాటుకోమని కూడా ఉంది. అదంతా నవ్వుకోవడానికి రాసినదని మొన్ననే తెలిసింది. అప్పటికే మొదటి నాలుగింటినీ పాటించేశాను, వేర్లు కత్తిరించే పని ఈ వారానికి పెట్టుకున్నాను. చెట్టు ఇంకా ఆకుపచ్చగానే ఉంది గాని రంగు వెలిసినట్టుంది, తాకితే గరుకుగా తగులుతోంది. వీటిలో నిజమేమైనా ఉందా? నా చెట్టు బతుకుతుందా? — ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా, ఈ వారం వేర్లు కత్తిరించాలనుకున్న పనిని దయచేసి మానుకోండి. మిగిలినదంతా తీరికగా చదువుకోవచ్చు గాని ఈ ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. నీరసించిన చెట్టుకు మిగిలి ఉన్న కొద్దిపాటి వేర్లే ఇప్పుడు ప్రాణాధారం, వాటి మీద కత్తెర పడితే నేను చెప్పగలిగేది ఇంకేమీ ఉండదు.

ఆ తరువాత చెట్టును మంచి వెలుతురులోకి తెచ్చి, ఒక సన్నని కొమ్మ మీద ఆకులు లేని చోట గోటి కొసతో బెరడును బియ్యపుగింజంత మేర నెమ్మదిగా గీకి చూడండి. పైపొర కింద తడిగా, లేత పచ్చగా మెరిసే పలుచని పొర కనిపిస్తే ఆ కొమ్మలో ప్రాణం ఉన్నట్టు. ఎండుగడ్డి రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టే. చివరి కొమ్మ పోయినంత మాత్రాన చెట్టంతా పోయిందని అనుకోనక్కర లేదు కనుక, అక్కడి నుంచి లావుపాటి కొమ్మకు, అక్కడి నుంచి కాండానికి, చివరికి మట్టికి రెండు వేళ్ళ ఎత్తున ఉన్న చోటికి వస్తూ అంతే చిన్న గీతలతో పరీక్షించండి. పచ్చదనం ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగిపోండి, చెట్టు ఎంతవరకు బతికి ఉందో ఆ గీతే మీకు చెబుతుంది.

ఈ పరీక్ష ఎందుకు చేయమంటున్నానంటే, జూనిపర్ విషయంలో ఆకుల రంగును నమ్మడానికి వీలు లేదు. తోటకూర మడిలో నీళ్ళు తప్పితే సాయంత్రానికి తల వాల్చేస్తుంది, కనుక మనం వెంటనే మేలుకొంటాం. జూనిపర్ అలా కాదు. వేర్లు పూర్తిగా ఎండిపోయినా దాని పొలుసుల వంటి ఆకులు కొన్ని వారాల పాటు పచ్చగానే ఉంటాయి. ఆ తరువాత కొద్దిగా బూడిద రంగు తిరిగి, పిదప గోధుమ రంగులోకి మారతాయి. మన కంటికి కష్టం కనిపించే నాటికి నష్టం జరిగి చాలా కాలమైపోతుంది. మీరు రాసిన వెలిసిన రంగు, గరుకుదనం నాకు కొంత భయం కలిగిస్తున్నాయి. లేనిపోని ఆశ పెట్టడం ఇష్టం లేక ఈ మాట ముందే చెబుతున్నాను. అయినా గీకి చూసేదాకా నిరాశపడకండి.

ఇక ఆ కాగితం సంగతి. అందులోని మాటలు నాకు కొత్తవి కావు. ఏళ్ళ తరబడి చెట్లు పెంచినవారు తాము చేసిన పొరపాట్లను తలచుకొని, తమలో తాము నవ్వుకొంటూ చెప్పుకొనే మాటలవి, చెట్లు పోగొట్టుకొన్నవారికి వాటిలో నవ్వు వినిపిస్తుంది. కొత్తవారికి మాత్రం అవి సలహాల్లాగే వినిపిస్తాయి, ఎందుకంటే దాదాపు ప్రతి సూత్రంలోనూ పిసరంత నిజం దాగి ఉంది. బోన్సాయ్‌కి తీగ చుట్టేది నిజం, వేర్లు కత్తిరించేది నిజం, ఎండిన కొమ్మను అందంగా నిలిపేది కూడా నిజమే. ఎప్పుడు, ఎంత, ఏ చెట్టుకు అన్న మూడు మాటలను తీసేస్తే ఆ నిజాలే చెట్టుకు ముప్పు తెస్తాయి. మీరు నమ్మినందుకు సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

అన్నింటికంటే ఎక్కువ చెట్లను పొట్టన పెట్టుకొన్నది పడకగది సూత్రమే. బోన్సాయ్ అన్న జపనీయ పదానికి పళ్ళెం వంటి లోతు తక్కువ కుండీలో నాటినది అని అర్థం. అది ఒక చెట్టు జాతి పేరు కాదు, పెంచే పద్ధతి పేరు. కనుక కుండీలోకి వచ్చినంత మాత్రాన జూనిపర్ తన స్వభావం మార్చుకోదు. కొండల మీద, గాలి వాలున, నడినెత్తిన ఎండతో పెరిగే జాతి అది. రోజుకు కొన్ని గంటలైనా సూటిగా ఎండ తగలాలి, ఏడాదిలో కొంత కాలం చలిలో విశ్రాంతి దొరకాలి. గదిలో మన కన్ను మసక వెలుతురుకు అలవాటు పడిపోతుంది కనుక అల్మారా మీద కూడా వెలుగు బాగానే ఉందనిపిస్తుంది గాని, కిటికీ నుంచి రెండు మూడు అడుగులు లోపలికి వచ్చేసరికే చెట్టుకు అందే వెలుతురు బాగా తగ్గిపోతుంది. ఆహారం తయారు చేసుకోలేని చెట్టు తనలో దాచుకొన్నదాన్నే తింటూ వస్తుంది, ఆ నిలువ అయిపోయిన రోజున ఆగిపోతుంది.

పుస్తకాల్లో బోన్సాయ్ చిత్రాలు చాలావరకు గది లోపల, గోడ గూటి ముందు తీసినవై ఉండడం వల్ల ఈ పొరపాటు పుట్టిందని నా అభిప్రాయం. జపాన్‌లో చెట్టును అలా లోపలికి తెచ్చేది అతిథుల కోసమో ప్రదర్శన కోసమో కొద్ది రోజులు మాత్రమే, మిగిలిన కాలమంతా అది ఆరుబయట బల్ల మీదే ఉంటుంది. 1923లో కాంటో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చిన తరువాత టోక్యోలోని బోన్సాయ్ పెంపకందారులు నగరాన్ని వదిలి, విశాలమైన స్థలం, మంచి నీరు, మంచి గాలి వెదుక్కొంటూ టోక్యోకు ఉత్తరాన ఉన్న ఒమియాకు వెళ్ళి 1925లో అక్కడ ఒక బోన్సాయ్ గ్రామాన్నే కట్టుకొన్నారు. ఇంటి లోపలి అల్మారా సరిపోయేదైతే వారికి అంత ప్రయాస అవసరమయ్యేది కాదు.

మీ చెట్టు కాండంలో పచ్చదనం ఉంటే దాన్ని బయటికి తీసుకువెళ్ళండి, కాని ఒక్కసారిగా మండుటెండలో పెట్టకండి. నాలుగు నెలలు నీడలో ఉన్న ఆకులు తీవ్రమైన ఎండను తట్టుకోలేవు. మొదటి నాలుగైదు రోజులు వెలుతురు బాగా ఉండే నీడలో, ఆ తరువాత ఉదయపు ఎండ గంటసేపు, పిదప రెండు గంటలు, ఇలా రెండు వారాల్లో క్రమంగా పెంచండి. మీ దగ్గర ఇప్పుడు ఏ కాలం నడుస్తోందో మీరు రాయలేదు. నీరు గడ్డకట్టేంత చలి ఉంటే, వెచ్చని గదిలో ఉన్న చెట్టును నేరుగా ఆ చలిలోకి తోయకుండా, గాలి తగలని, వేడి పెట్టని చోట కొన్నాళ్ళు ఉంచి అలవాటు చేయండి. ఆరుబయలు అన్నదే లేని ఇంట్లో ఉంటున్నట్టయితే, జూనిపర్ మీకు తగిన చెట్టు కాదని చెప్పక తప్పదు. అటువంటి ఇంటికి మర్రి, జువ్వి వంటి ఉష్ణమండలపు చెట్లే నయం, వాటికి చలికాలపు విశ్రాంతి అక్కర లేదు, ఎండ పడే కిటికీని ఆనుకొని ఉంచితే సర్దుకొంటాయి.

రోజుకు ఒక చెంచాడు నీళ్ళు అన్న సూత్రం ఇంత హాని ఎలా చేసిందో మీరే చూడవచ్చు. కుండీ అంచున వేలిని ఒక అంగుళం లోతుకు దింపండి. పైపొర తడిగా, లోపల పొడి ముద్దలా తగులుతుందని నా అనుమానం. చెంచాడు నీళ్ళు పైన ఉన్న అర అంగుళాన్ని తడిపి ఆగిపోతాయి, పని చేసే వేర్లు ఉండేది దాని కింద. మట్టి ముద్ద అలా ఒకసారి గట్టిగా ఎండిపోయిందంటే, తరువాత ఎక్కువ నీళ్ళు పోసినా అవి ముద్దలోకి ఇంకకుండా కుండీ గోడల వెంట జారి కింది రంధ్రం నుంచి బయటికి పోతాయి. నీళ్ళు బయటికి వచ్చాయి కనుక తడిసిందని మనం మోసపోతాం. ఇటువంటప్పుడు ఒక పెద్ద గిన్నెలో నీళ్ళు నింపి, కుండీ అంచు వరకు మునిగేలా పది నిమిషాలు ఉంచండి. మట్టిలోంచి బుడగలు గొలుసుగా పైకి వస్తాయి. బుడగలు ఆగిపోయాక తీసి, నీరంతా ఓడిపోయేలా కుండీని కాస్త వాల్చి పట్టుకోండి. పైన చిన్న గులకరాళ్ళను జిగురుతో అతికించి ఉంటే, కానుకగా అమ్మే చెట్లకు చాలావాటికి అలాగే ఉంటుంది, వాటిని ముందే ఊడదీయండి. అవి నీటినీ గాలినీ రెండింటినీ అడ్డుకొంటాయి, లోపలి మట్టి ఎలా ఉందో కంటికి కనిపించనివ్వవు. కుండీకి అడుగున రంధ్రం ఉందో లేదో కూడా చూడండి.

ఇది విని మీరు రోజుకు రెండుసార్లు నిండుగా నీళ్ళు పోయడం మొదలుపెడతారేమోనని మరో మాట చెప్పాలి. నా మొదటి చెట్టు ఒక చిన్న ఎల్మ్. దానికి నేను గడియారం చూసి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పకుండా పోసేదాన్ని. మబ్బు పట్టిన వారాల్లోనూ మానలేదు. ఆకులు పసుపు రంగుకు తిరిగితే దాహమేమోనని ఇంకొంచెం పోశాను. చివరికి కుండీలోంచి తీసి చూస్తే వేర్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి. ఒక వేరును రెండు వేళ్ళతో పట్టి లాగగానే పైతొడుగు ఊడి నా చేతిలోకి వచ్చింది, లోపలి దారం మాత్రం చెట్టుకు మిగిలింది. కుళ్ళిన ఆకుల మురుగు వాసన. ఆ రోజు నాకు అర్థమైన విషయం ఏమిటంటే, వేర్లకు నీరు ఎంత అవసరమో మట్టి రేణువుల మధ్య గాలి కూడా అంతే అవసరం. అందుకే బోన్సాయ్ పెంచేవారు సాధారణమైన తోటమట్టికి బదులు అకడమా అనే గట్టి మట్టిబెడ్డలు, ప్యూమిస్ రాతి నలుసులు వంటి వాటిని దుమ్ము పోయేలా జల్లించి వాడతారు.

కనుక రోజూ చేయవలసిన పని చూడడం, పోయడం కాదు. ఒక సన్నని చెక్కపుల్లను మట్టిలో గుచ్చి ఉంచి, ఉదయం తీసి చూడండి. పుల్ల ముదురు రంగులో చల్లగా తగిలితే ఆ పూట నీళ్ళు అక్కర లేదు. దాదాపు ఆరినట్టుంటే, కింది రంధ్రం నుంచి నీరు ధారగా వచ్చేదాకా పోసి, అయిదు నిమిషాలాగి మళ్ళీ ఒకసారి పోయండి. పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. ఆకుల మీద నీరు చిలకరించడం దీనికి బదులు కాదు. నీరు పోయడం నేర్చుకోవడానికే మూడేళ్ళు పడుతుందని జపాన్ పెంపకందారుల్లో ఒక నానుడి ఉంది. మూడేళ్ళు అన్న లెక్క ఎక్కువేమీ కాదని నా అనుభవం.

చెట్టును ఆకలితో ఉంచమన్న సూత్రం నాకు అన్నింటికంటే బాధ కలిగించేది, ఎందుకంటే బోన్సాయ్ అంటేనే చెట్టును చిత్రహింస పెట్టడమన్న అపోహకు అది వంత పాడుతుంది. చెట్టు చిన్నగా ఉండేది కొమ్మలనూ వేర్లనూ వేళకు కత్తిరించడం వల్ల, ఆకలి వల్ల కాదు. చిన్న కుండీలో పోషకాలు తక్కువ, ఉన్నవి కూడా నీళ్ళు పోసినప్పుడల్లా కొట్టుకుపోతుంటాయి కనుక నేలలో చెట్టు కంటే దీనికే ఎక్కువ శ్రద్ధగా ఎరువు అందించాలి. అమెరికాలోని వాషింగ్టన్ జాతీయ బోన్సాయ్ ప్రదర్శనశాలలో ఒక జపనీయ తెల్ల పైన్ చెట్టు ఉంది. దాన్ని 1625 నుంచి కుండీలో పెంచుతున్నారు. 1945 ఆగస్టులో హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు అది ఆ చోటికి దాదాపు 3 కిలోమీటర్ల దూరంలో, యమాకి కుటుంబం వారి పెరట్లో, గోడ చాటున ఉండి బతికింది. 1976లో ఆ కుటుంబం దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చింది. ఆకలితో మాడ్చిన చెట్టు నాలుగు వందల ఏళ్ళు బతకదు. అయితే మీ చెట్టుకు ఇప్పుడే ఎరువు వేయకండి. జబ్బుపడిన వేర్లు దాన్ని తీసుకోలేవు సరికదా, దాని ఘాటుకు మరింత దెబ్బతింటాయి. కొత్త చిగుళ్ళు కనిపించాక, సగం పాళ్ళలో మొదలుపెట్టండి.

తీగ విషయంలో మీకు ఇవాళే పని ఉంది. కొమ్మ రోజురోజుకూ లావెక్కుతుంది, తీగ మాత్రం చుట్టిన రోజున ఎంత ఉందో అంతే ఉంటుంది. భూతద్దం ఉంటే పెట్టి చూడండి, లేకపోయినా ఫరవాలేదు. తీగ పక్కన బెరడు రెండు వైపులా ఉబ్బి గట్టులా లేస్తుంటే అది కొరకడం మొదలుపెట్టిందని అర్థం. అలా వదిలేస్తే కొమ్మ చుట్టూ మరచీలకు పడ్డ చుట్లలాగా గాట్లు పడతాయి, అవి మానడానికి ఏళ్ళు పడుతుంది, కొన్ని ఎన్నటికీ మానవు. బాగా దిగబడితే కొమ్మే పోవచ్చు. తీగను వెనక్కి తిప్పి విప్పాలని చూడకండి, ఆ మెలికకు కొమ్మ విరుగుతుంది. చిన్న కటింగ్ ప్లయర్‌తో ఒక్కొక్క చుట్టు దగ్గర తుంచి, ముక్కలు ముక్కలుగా తీసేయండి. ఎక్కడైనా బెరడులోకి పూర్తిగా మునిగిపోయి ఉంటే ఆ ముక్కను పీకకుండా అలాగే వదిలేయండి. ఇకముందు తీగ చుట్టవలసి వస్తే, కొమ్మ లావులో మూడో వంతు ఉన్న అల్యూమినియం తీగను ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో, బెరడును తాకుతూ నొక్కకుండా చుట్టి, చెట్టు జోరుగా పెరిగే కాలంలో వారం వారం చూసుకొంటూ ఉండాలి.

వేర్లూ కొమ్మలూ ఒకేసారి కత్తిరించడం ఎందుకు తగదో ఇప్పుడు మీకు కొంత తెలిసే ఉంటుంది. ఆకులు వేర్లకు తిండి పెడతాయి, వేర్లు ఆకులకు నీళ్ళు పెడతాయి. రెండింటినీ ఒకే రోజు సగం చేస్తే చెట్టు కోలుకోవడానికి ఆధారమే మిగలదు. కుండీ మార్చి వేర్లు కత్తిరించడానికి మామూలుగా తగిన సమయం చలికాలం చివర, మొగ్గలు ఉబ్బడం మొదలయ్యే రోజులు. అప్పుడు కూడా ఆరోగ్యంగా ఉన్న చెట్టుకే, మూడో వంతుకు మించకుండా. జూనిపర్, పైన్ వంటి వాటికి ఇంకా తక్కువ, వాటి వేర్ల నుంచి పాత మట్టినంతా కడిగేయకూడదు కూడా. ఇక కొమ్మల సంగతికి వస్తే, రావి, మర్రి వంటివి మొండిగా నరికినా మళ్ళీ చిగురిస్తాయి కదా అని జూనిపర్‌ను కూడా అలాగే అనుకొనేవారున్నారు. పచ్చని ఆకు ఒక్కటీ మిగల్చకుండా కొట్టేసిన జూనిపర్ కొమ్మ సాధారణంగా మళ్ళీ చిగురించదు. ఒక ఏడాదిలో ఒకే పెద్ద పని, అది కోలుకొన్నాకే రెండోది అన్న పద్ధతిని నేను కచ్చితంగా పాటిస్తాను.

ఎండిన కొమ్మను కళ అనమన్న మాటలో ఉన్న నిజం ఇది. కొండ అంచున పిడుగుకూ మంచుకూ చివికిన ముసలి చెట్ల పోలికలో, ఎండిన కొమ్మను బెరడు ఒలిచి తెల్లగా నిలపడాన్ని జిన్ అంటారు, కాండం మీద అలా చేస్తే షారి అంటారు. అవి చెట్టు బలంగా ఉన్నప్పుడు, మిగిలిన కొమ్మలకు నీరు మోసే దారి ఎటు ఉందో చూసుకొని చేసే పనులు. మీ గోటి పరీక్షలో ఒకటి రెండు కొమ్మలు పోయాయని తేలితే వాటిని ఇప్పుడు ముట్టుకోకండి, చెట్టు నిలదొక్కుకొన్నాక వాటిని జిన్‌గా మలచుకోవచ్చు.

బోన్సాయ్ విత్తనాలన్నవి లేవు, ఏ చెట్టు విత్తనమైనా మామూలు చెట్టునే ఇస్తుంది, దాన్ని బోన్సాయ్‌గా చేయడానికి ఏళ్ళు పడుతుంది. చెట్టుతో మాట్లాడడాన్ని మాత్రం మానుకోనక్కర లేదు, ఆ వంకనైనా రోజూ దగ్గరికి వెళ్ళి చూస్తారు.

మట్టికి దగ్గరగా గీకినా పచ్చదనం కనిపించకపోతే, ఆ చెట్టు పోయినట్టే. అప్పుడు మరో ఖరీదైన చెట్టు కొనకండి. నర్సరీలో మామూలు కుండీలో పెరుగుతున్న, మీ వాతావరణానికి అలవాటుపడిన ఒక చిన్న చెట్టును తెచ్చుకొని, ఒక ఏడాది పాటు కత్తెర పెట్టకుండా నీళ్ళు పోయడం మాత్రమే సాధన చేయండి. ఇంకొక మేలు కూడా ఉంది: కాండం లావెక్కేది చెట్టు స్వేచ్ఛగా పెరిగినప్పుడే కనుక, పెద్ద కుండీలో గడిచిన ఆ ఏడాది వృథా పోదు. పచ్చదనం కనిపించిందంటే మాత్రం, నేను చెప్పిన తడి, నీడ, తీగ తొలగింపు ఈ రెండు రోజుల్లో పూర్తి చేసి, ఆ తరువాత ఎండకు అలవాటు చేయడానికి తప్ప చెట్టును కదపకండి. వేర్లు ఎలా ఉన్నాయోనని కుండీలోంచి తీసి చూడకండి. అది పెరిగే కాలమైతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కొమ్మల కొసల్లో, పాత ఆకుల ముదురు రంగు మధ్య, లేత పచ్చని చిన్న మొనలు కనిపించాలి. అవి కనిపించినా కనిపించకపోయినా, గోటి గీత ఏ ఎత్తు దగ్గర పచ్చగా వచ్చిందో రాసి నాకు మళ్ళీ ఉత్తరం పంపండి, అక్కడి నుంచి ఏం చేయాలో చెబుతాను.